ఆరూ పదికి బస్సు లేదు

"నేనింకా చావలేదండీ!"

బస్టాండు విచారణ కిటికీ అద్దానికున్న గుండ్రటి కంతలోంచి ఈ మాట దూసుకొచ్చేసరికి, లోపల రిజిస్టరు రాసుకుంటున్న కంట్రోలరు ఉలిక్కిపడి తలెత్తాడు. ఎదురుగా ఒక అమ్మాయి. వానకు తడిసిన జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది. ముక్కు చివర ఒక చినుకు వేలాడుతోంది. కళ్ళు మాత్రం నిప్పులు కక్కుతున్నాయి.

"చాలా సంతోషమండీ," అన్నాడతను. "ఏ బస్సు కావాలి?"

"బస్సు కాదు, మీరు కావాలి!"

ఆమె వెనక వరసలో నిలబడ్డ తాతగారు చెవి కాస్త ముందుకు పెట్టాడు.

"అంటే... మీతో మాట్లాడాలి. 'బాధితుడు' అన్న పేరుతో రాసేది మీరేనా?"

కంట్రోలరు పెన్ను కింద పెట్టాడు. ఆమెను పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు. నాలుగేళ్ళుగా ఎదురుచూస్తున్న శత్రువు చివరికి కళ్ళ ముందు నిలబడితే మనిషి ఎలా చూస్తాడో అలా చూశాడు.

ఆ అమ్మాయిని ఇంట్లో చిటపట అంటారు. ఆ పేరు పెట్టింది వాళ్ళ నాన్న. ఆయన టైలరు. మనిషిని చూడగానే కొలత చెప్పేస్తాడు. ఊయల్లో పాపను చూసి, దీనికి కోపం నాలుగంగుళాలు ఎక్కువే తగిలిందన్నాడట. ఆ చిటపట స్టాటిస్టిక్స్‌లో పీజీ ముగించుకుని, హాస్టలు గది ఖాళీ చేసి, మూడు రోజుల కిందటే ఇల్లు చేరింది. అట్టపెట్టెలింకా విప్పనేలేదు. చదువు అయిపోయింది, ఉద్యోగం రాలేదు. చేతులు ఊరికే ఉండలేవు కదా. అప్పుడు గుర్తొచ్చింది తన వెబ్‌సైటు.

పదిహేనేళ్ళ వయసులో సొంతంగా చేసుకున్న సైటది. పేరు 'మన బస్సు ఎప్పుడు?'. నీలం పేజీ మీద పసుపచ్చ అక్షరాలు, పైన ఎడమ నుంచి కుడికి పాక్కుంటూ పోయే బొమ్మ బస్సు. బస్టాండు గోడమీద బోర్డులో ఉండేవన్నీ అబద్ధాలే. అందుకని బడికి పోతూ వస్తూ అసలు టైములు నోట్‌బుక్కులో రాసుకుని, ప్రతి ఆదివారం సైటులో ఎక్కించేది. మూడేళ్ళు ఒక్క వారం తప్పలేదు. తర్వాత వేరే ఊళ్ళో యూనివర్సిటీలో సీటొచ్చింది. మొదటి సెమిస్టరు పరీక్షల హడావుడిలో ఒక ఆదివారం తప్పింది. ఆ తర్వాత ఐదేళ్ళ ఆదివారాలూ తప్పాయి. ఇంటర్నెట్‌లో ఉచితంగా చోటిచ్చే దగ్గర పెట్టింది కాబట్టి సైటు మాత్రం అలాగే పడి ఉంది.

ముద్దుగా తెరిచింది. మళ్ళీ మొదలుపెడదాం, రంగులు మారుద్దాం అనుకుంది. సందర్శకుల లెక్క చూస్తే నిన్న ఒక్కరోజే రెండు వందల నలభై మంది! చిటపట గుండె ఉప్పొంగింది. ఆ ఉప్పొంగిన గుండెతోనే, చూసినవాళ్ళు తమ మాట రాసిపెట్టే సందర్శకుల పుస్తకం పేజీ తెరిచింది.

తిట్లు. పేజీల కొద్దీ తిట్లు. అందులో బాధితుడు అనే ఒక్కడే అరవై ఒక్కసార్లు రాశాడు. 'అయ్యా, పన్నెండో నంబరు దారి మారి రెండేళ్ళయింది. దయచేసి దిద్దండి.' 'అయ్యా, ఇవాళ మీ పేజీ చూపించి ఐదుగురు నన్ను తిట్టారు.' 'అయ్యా, ఇవాళ తొమ్మిదిమంది.' అన్నిటికన్నా చివరిది పోయిన వారం రాసింది: 'ఈ సైటు నడిపేవారు కాలం చేసి ఉంటారని అర్థమైంది. బతికున్నవారెవరూ ఇంత నిశ్చింతగా ఉండలేరు. వారి ఆత్మకు శాంతి కలుగుగాక. ఇట్లు, బాధితుడు, విచారణ కిటికీ, బస్టాండు.'

చిటపట చెప్పులేసుకుని బయల్దేరింది. గొడుగు మర్చిపోయింది.

"నా ఆత్మకు శాంతి కలగాలని రాసింది మీరేగా?"

"నేనే. కలగలేదని తెలుస్తూనే ఉంది."

"వెటకారమా? చిన్నప్పుడు సరదాకి చేసుకున్నదది. మిమ్మల్నెవరు చూడమన్నారు?"

"నేను చూడనండీ. ఊరు చూస్తోంది. చూసొచ్చి నన్ను తిడుతోంది."

"అమ్మా," అని తాతగారు మధ్యలో దూరాడు, "మీ గొడవ తర్వాత పడుదురుగాని. ఏడో నంబరు ఎప్పుడు?"

"నాలుగున్నరకండీ, ఇప్పుడే వెళ్ళిపోయింది," అంది చిటపట, అలవాటు కొద్దీ.

"నాలుగూ నలభైకి. రెండో ప్లాట్‌ఫారం," అన్నాడు కంట్రోలరు.

ముగ్గురూ గోడ గడియారం కేసి చూశారు. నాలుగూ ముప్పై తొమ్మిది. ముల్లు ఒక్క గీత కదిలింది. మలుపులో హారన్ మోగింది. ఒళ్ళంతా బురదతో ఏడో నంబరు రెండో ప్లాట్‌ఫారం మీదికొచ్చి ఆగింది. తాతగారు చిటపటను జాలిగా చూసి వెళ్ళి ఎక్కేశాడు.

తల తీసేసినట్టయింది ఆమెకు. తల తీసేసినట్టయితే ఆమెకు కోపం రెట్టింపవుతుంది.

"తీసెయ్యండి ఆ సైటు," అన్నాడు కంట్రోలరు, ఈసారి మెల్లిగా.

"తీసెయ్యను. దిద్దుతాను. మీ టైములివ్వండి."

"గోడమీద బోర్డుంది."

"అది తప్పని మీకూ తెలుసు, నాకూ తెలుసు. రిజిస్టరివ్వండి."

"రిజిస్టరు బయటివాళ్ళకి చూపించకూడదు. రూలు."

"అయితే నేనే చూసి రాసుకుంటా."

"రాసుకోండి. బెంచీలు ప్రజలవే."

మర్నాడు ఉదయం ఫస్టు ట్రిప్పు కదిలే వేళకు చిటపట కిటికీ ఎదురుగా బెంచీ మీద ఉంది. ఒళ్ళో నోట్‌బుక్కు, చెవి వెనక పెన్సిలు. వచ్చిన ప్రతి బస్సూ రాసింది, పోయిన ప్రతి బస్సూ రాసింది. కంట్రోలరు ఆమె వైపు చూడనే లేదు. పదిన్నరకు మాత్రం మైకు గరగరలాడింది.

"ప్రయాణికులకు గమనిక. పద్నాలుగో నంబరు టైరు పంచరై స్పేర్ బస్సు వస్తోంది. ఇది ఇవాళ్టి సంగతే. బెంచీ మీద కూర్చుని రాసుకునేవారు దీన్ని రోజువారీ టైముగా రాసుకోవద్దని మనవి."

బస్టాండంతా బెంచీ కేసి చూసింది. చిటపట చెవులు ఎర్రబడ్డాయి. రాసిన గీతను పెన్సిలు విరిగేలా కొట్టేసింది.

ఆ రోజు ఇంకోటి కూడా లెక్కపెట్టింది, స్టాటిస్టిక్స్ చదివిన మనిషి కదా. తన సైటు పుణ్యమా అని కంట్రోలరును తిట్టినవాళ్ళు పద్నాలుగు మంది. ఒకావిడైతే ఫోను అద్దానికేసి కొట్టినంత పని చేసింది.

"ఇందులో ఉంది కదయ్యా! ఇందులో ఉంటే నువ్వు లేదంటావేంటి?"

"అది పాతదమ్మా."

"నువ్వు పాతవాడివి! గవర్నమెంటు కుర్చీలో కూర్చుంటే చాలా?"

చిటపట ఊపిరి బిగబట్టింది. ఇప్పుడు వేలు చూపిస్తాడు. అదిగో, ఆ బెంచీ మీదున్నావిడే చేసిందంటాడు. ఆవిడ ఇటు తిరుగుతుంది. కంట్రోలరు చూపు ఒక్క క్షణం బెంచీ మీద ఆగి, వెళ్ళిపోయింది. "తప్పయిందమ్మా, తర్వాతి బస్సు పదకొండుంబావుకి," అన్నాడు.

మధ్యాహ్నం కిటికీ ఖాళీ అయ్యాక చిటపట విసవిసా వెళ్ళింది.

"నన్నెందుకు చూపించలేదు?"

"చూపిస్తే రేపు మీరు రారు. టైములెవరు రాస్తారు?"

"నేనలా పారిపోయే రకం కాదు!"

"ఐదేళ్ళు పారిపోయారు కదండీ," అని అతను రిజిస్టరులోకి తల దించేసుకున్నాడు.

మూడోరోజు వాన ఉతికి ఆరేసింది. రేకుల కప్పు సరిగ్గా బెంచీ మీదే కారుతోంది. నోట్‌బుక్కు మీద చుక్క పడి, తొమ్మిదో నంబరు కాస్తా సున్నాలా అలుక్కుపోయింది. కంట్రోలరు గది తలుపు తీసుకుని బయటికొచ్చాడు. అప్పటిదాకా అతనికి కాళ్ళున్నాయన్న సంగతే చిటపట గమనించలేదు. మనిషి పొడుగే.

"లేవండి, బెంచీ జరుపుతా."

"అక్కర్లేదు."

"నోట్‌బుక్కు తడుస్తోంది."

"నా నోట్‌బుక్కు, నా ఇష్టం."

అతను వంగాడు. బెంచీ చివర రెండు చేతులతో పట్టుకుని, ఆమెతో సహా బర్రుమని నాలుగడుగులు లాగేశాడు. చిటపట కెవ్వుమని బెంచీని కరుచుకుంది. టీ బండి దగ్గరున్న డ్రైవర్లు చప్పట్లు కొట్టారు.

"మీకేమైనా పిచ్చా?"

"మీరు రాసుకున్నది చెరిగిపోతే, మళ్ళీ తిట్లు తినేది నేనేనండీ!" అని అరిచి లోపలికెళ్ళిపోయాడు. వెళ్తున్నవాడి చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయి ఉంది. చిటపట దాన్నే చూస్తూ పదహారో నంబరు రాయడం మర్చిపోయింది. అందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

వారం తిరిగేసరికి నోట్‌బుక్కు సగం నిండింది. ఆమె తల తిప్పి ఏదైనా బస్సు రాయడం మరిస్తే, మైకులో ఆ బస్సు టైము రెండుసార్లు వినబడేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ తెలియనట్టే ఉన్నారు. ఆ ధైర్యంతోనే ఒక సాయంత్రం నవ్వుతూ అడిగింది.

"ఇంతకీ అరవై ఒక్కసార్లు ఎలా రాశారండీ బాబూ? ఎవరైనా మూడోదానికే విసిగి వదిలేస్తారు."

కంట్రోలరు నవ్వలేదు.

"నేను కాలేజీకి వెళ్ళిన మూడేళ్ళూ మీ సైటు చూసే బస్సెక్కాను. ఒక్కరోజు తప్పలేదది. ఎవరో మహానుభావుడు, ఊరి కోసం పనిమాలా చేస్తున్నాడు అనుకునేవాణ్ణి. తర్వాత, నాలుగేళ్ళ కిందట, ఈ ఉద్యోగానికి ట్రైనింగని వేరే ఊరెళ్ళాను. అప్పుడు మా చెల్లికి నర్సింగ్ ఇంటర్వ్యూ. 'అన్నయ్యా, పొద్దున్నే బస్సెప్పుడుంది' అని ఫోన్ చేసింది. బస్టాండుకెళ్ళి కనుక్కోమని చెప్పొచ్చుగా? చెప్పలేదు. ఆ సైటు చూడు, కళ్ళు మూసుకుని నమ్మొచ్చు అన్నాను." అతని గొంతు పెరిగింది. "ఆరూ పది అనుంది. ఆరూ పదికి బస్సు లేదు! తీసేసి నెలయింది. ఇంటర్వ్యూ పోయింది. దానికి ఏడాది పోయింది."

చిటపట చేతిలోని పెన్సిలు నోట్‌బుక్కు మీద పెట్టేసింది.

"ఆపేస్తున్నానని ఒక్క ముక్క... ఒక్క ముక్క రాసి వెళ్ళుంటే సరిపోయేది కదండీ."

"నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు! ఎవరైనా చూస్తున్నారనే నాకు తెలీదు!"

"తెలుసుకోవాలనీ అనిపించలేదుగా."

ఆమె నోట్‌బుక్కు మూసి లేచింది. ఇల్లు చేరేదాకా అతన్ని తిట్టుకుంటూనే నడిచింది. ఇంటికొచ్చాక, తిట్టాల్సింది ఎవర్నో తెలిసి, కాళ్ళు కూడా కడుక్కోకుండా కంప్యూటర్ ముందు కూర్చుంది. బొమ్మ బస్సును తీసేసి, ఆ చోట ఇలా రాసింది: 'ఇందులోని టైములు ఐదేళ్ళ కిందటివి. నమ్మకండి. కొత్తవి సిద్ధమవుతున్నాయి. చెప్పకుండా ఆపేశాను, క్షమించండి. నాలుగేళ్ళ కిందట ఆరూ పది బస్సు కోసం నిలబడిన నర్సింగ్ అమ్మాయికి: తప్పు మీ అన్నయ్యది కాదు, నాది.'

రాశాక కూడా కోపం చల్లారలేదు. ఆ తర్వాత మంగళవారం దాకా బెంచీ మీద కూర్చుంది గాని, కిటికీ వైపు కన్నెత్తి చూడలేదు. మైకు కూడా పొడిపొడిగానే మోగింది.

బుధవారం తెల్ల యూనిఫారంలో ఒక అమ్మాయి ఫోను పట్టుకుని, క్యూను తోసుకుంటూ వచ్చింది.

"అన్నయ్యా! ఏంటిది? మా వార్డులో అందరూ చూసి, ఆ నర్సింగ్ అమ్మాయి నువ్వేనా అని అడుగుతున్నారు!"

కంట్రోలరు ఫోను తీసుకుని చదివాడు. మొదటిసారి చదువుతున్నాడని అతని మొహమే చెప్పింది. చెల్లెలు అతని చూపు పోయిన వైపే తిరిగింది.

"ఓహో, మీరేనా? రండిలా. ఇద్దరికీ ఒకేసారి చెప్తా, మళ్ళీ మళ్ళీ చెప్పే ఓపిక నాకు లేదు." ఆమె ఫోను వెనక్కి లాక్కుంది. "ఆ రోజు ఆరూ నలభైకి ఇంకో బస్సొచ్చింది. ఎక్కుంటే అందేదాన్ని."

"ఏంటి?" అన్నారిద్దరూ.

"ఎక్కలేదు. భయమేసింది. ఇంగ్లీషులో అడుగుతారేమో, నోరు పెగలకపోతే నలుగురిలో నవ్వులపాలవుతానేమోనని. ఇంటికెళ్ళి బస్సు రాలేదని చెప్పేశా. అమ్మ నన్ను తిట్టలేదు, బస్సును తిట్టింది. మరుసటేడు ధైర్యం తెచ్చుకుని వెళ్ళా, సీటొచ్చింది. కానీ నువ్వు ఆ నేరమంతా నెత్తినేసుకుని తిరుగుతుంటే నిజం చెప్పడానికి నోరు రాలేదురా అన్నయ్యా."

"నాలుగేళ్ళు!" కంట్రోలరు రిజిస్టరు టపీమని మూశాడు. "నాలుగేళ్ళుగా నాకు నిద్రలేదే!"

"నాకు మాత్రం ఉందా?" అని ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. "సరే, నా డ్యూటీకి టైమైంది. ఇంటికొచ్చాక కొట్టు." వెళ్తూ వెళ్తూ చిటపట భుజం తట్టి, "మీరు రాసింది బావుంది గానీ నా పేరు మీద క్షమాపణ తీసేయండి. నేనది తీసుకోలేను," అంది.

క్యూలో నిలబడ్డవాళ్ళు సైతం బస్సుల సంగతి మర్చిపోయారు. చిటపట నెమ్మదిగా కిటికీ దగ్గరికొచ్చింది.

"అరవై ఒక్కసార్లు నన్ను తిట్టారు."

కంట్రోలరు మూసిన రిజిస్టరు మళ్ళీ తెరిచాడు. "ఒకటి వెనక్కి తీసుకుంటానండీ. మిగతా అరవై న్యాయమైనవే."

ఆమె పళ్ళు కొరికింది. కొరికిన పళ్ళ మధ్య నుంచే నవ్వొచ్చేసింది. అతనూ నవ్వాడు. ఆ మనిషి నవ్వితే ఇలా ఉంటాడని ముందే తెలిసుంటే, ఇన్నాళ్ళూ అంత కోపంగా కూర్చోగలిగేది కాదేమో.

గురువారం బెంచీ ఖాళీగా ఉంది. శుక్రవారమూ ఖాళీయే. వెబ్‌సైటులో మాత్రం కొత్త టైములన్నీ వచ్చేశాయి. శనివారం కంట్రోలరు సెలవు పెట్టి, అడ్రసు కనుక్కుని టైలరు ఇంటికెళ్ళాడు. ముందు గదే కుట్టుపని చేసే చోటు. టైలరు మిషను మీద ఉన్నాడు. బట్టలు కత్తిరించే బల్ల పక్కన, మూత తీసిన సూట్‌కేసు ముందు చిటపట ఉంది.

"ఎక్కడికి?" అన్నాడతను గుమ్మంలోనే.

"ఉద్యోగమొచ్చింది. పెద్దాసుపత్రిలో, లెక్కల విభాగంలో. బస్సులో మూడు గంటలు. సోమవారం చేరాలి."

"మళ్ళీ చెప్పకుండానే పోతున్నారన్నమాట!"

"చెప్పడానికే రేపు వద్దామనుకున్నా!"

"రేపు ఆదివారం. నాకు డ్యూటీ లేదు. అంత మాత్రం తెలీదా? ఇన్నాళ్ళూ నా ఎదురుగా కూర్చుని బస్సులు తప్ప ఇంకేం చూశారు మీరు?"

చాలా చూసింది. అది చెప్పడానికి మాత్రం అభిమానం అడ్డొచ్చింది. విసురుగా కంప్యూటర్ అతని ముందుకు తోసింది. "ఈసారి సైటు దిక్కులేకుండా పోదు. ప్రతి ఆదివారం మీరే మార్చాలి. కూర్చోండి. పాస్‌వర్డ్ చెప్తా, కొట్టండి."

అతను కూర్చున్నాడు. "చెప్పండి."

ఆమె బల్ల వైపు తిరిగింది. ఒక జాకెట్టు ముక్క తీసుకుని మడతపెట్టింది, విప్పింది. "ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట."

"చెప్పండి మరి."

"కే. ఐ. టీ. ఐ. కే. ఐ."

"కిటికీ," అన్నాడతను. "తర్వాత?"

"ఏ. బీ. బీ. ఏ. వై..." చిటపట గోడ వైపు తిరిగింది. "ఐ."

కిటికీ అబ్బాయి. అతని వేలు ఆఖరి అక్షరం మీదే ఆగిపోయింది. మిషను చప్పుడు కూడా కాస్త నెమ్మదించింది.

"ఇదెప్పుడు పెట్టారు?"

"పోయిన మంగళవారం."

"పోయిన మంగళవారం మీరు నాతో మాట్లాడనే లేదు. కోపంగా ఉన్నారు."

"కోపంగానే పెట్టాను!"

అతను లేచి నిలబడ్డాడు. లేచేసరికి అతనికీ కోపమొచ్చింది. "ఇంత సులువుగా ఎవరైనా పెడతారా పాస్‌వర్డ్? ఇది నా నోటితో నేనే చెప్పాలని ఎన్నాళ్ళ నుంచి... మైకు ముందు వెయ్యిమందికి వినబడేలా అరుస్తానే, ఒక్కదానికి చెప్పడానికి గొంతు రాలేదు. నువ్వేమో కంప్యూటర్‌కి చెప్పేశావు ముందే!"

'నువ్వు' అన్నాడని ఆమె గమనించింది. సరిదిద్దలేదు.

మిషను పూర్తిగా ఆగింది. టైలరు కళ్ళజోడు మీదుగా అబ్బాయిని పైనుంచి కిందిదాకా కొలిచాడు.

"ఏమయ్యా, మా అమ్మాయి కోపం చిన్నది కాదు. తట్టుకోగలవా?"

"రోజూ కిటికీ దగ్గర మూడొందల మంది తిడతారు మామయ్యా, ఇంకొకరు పెరిగితే ఏముంది?" అనేశాడు కంట్రోలరు. అన్నాక ఏమన్నాడో అతనికే వినబడి, మొహం కందగడ్డయింది.

"ఎవరికెవరు మామయ్య?" చిటపట గిర్రున తిరిగింది. "నేనింకా ఒప్పుకోలేదు!"

"నన్ను పిలిచాడు, నేను పలుకుతున్నాను," అన్నాడు టైలరు, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "నీ జవాబు నువ్వు చెప్పుకో. మధ్యలో నన్నడగొద్దు."

ఆమె జవాబు ఆ రోజు చెప్పలేదు. సోమవారం ఉద్యోగంలో చేరింది. వారమంతా ఇద్దరూ ఫోనులో పోట్లాడుకున్నారు, ఎక్కువగా సైటులో కంట్రోలరు చేసిన అక్షర దోషాల మీద. శుక్రవారం పోట్లాట మధ్యలో, "రేపు రెండింటి బస్సుకొస్తున్నా. ఐదింటికి దిగుతా. జవాబు అక్కడే చెప్తా," అని పెట్టేసింది.

శనివారం అతను మళ్ళీ సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని నాలుగున్నరకే ప్లాట్‌ఫారం మీదున్నాడు. ఐదైంది. ఐదుంబావైంది. ఐదున్నరైంది. బస్సు జాడ లేదు.

ఐదూ ముప్పై ఐదుకు చిటపట బస్సు దిగింది. ప్లాట్‌ఫారం మీద అతను లేడు. విచారణ కిటికీ దగ్గర ఏదో గలాటా అవుతోంది. జనం మూగి ఉన్నారు. సంచి భుజానికెత్తుకుని అటు నడిచింది.

"అరగంటయింది! ఐదింటికన్నారు! ఫోన్ చేసి కనుక్కోవాలని కూడా లేదా మీకు?" అని అద్దం మీద అరచేత్తో కొడుతున్నాడు ఇస్త్రీ చొక్కా మనిషి.

"దారిలో రైల్వే గేటు పడుంటుందండీ, నన్నేం చెయ్యమంటారు?" అంటున్నాడు లోపలున్న రెండో షిఫ్టు కంట్రోలరు బిక్కమొహం వేసుకుని. "మీకు తెలీని సంగతా సార్ ఇది? మీరూ ఇదే కుర్చీలో కూర్చుంటారు కదా!"

"నాకవన్నీ అనవసరం! గవర్నమెంటు కుర్చీలో కూర్చుంటే చాలా? అందులో ఎవరొస్తున్నారో తెలుసా మీకు?"

"ఎవరొస్తున్నారు?" అంది వెనక నుంచి చిటపట.

అతను గిరుక్కున తిరిగాడు. అరిచీ అరిచీ గొంతు పోయింది, చెమటకు చొక్కా ఇస్త్రీ పోయింది. ఆమెను చూశాడు, తన చెయ్యింకా అద్దం మీదే ఉండటం చూసుకున్నాడు.

చిటపట సంచి తీసి అతని చేతిలో పెట్టింది.

"ముందు లోపలున్న ఆయనకి సారీ చెప్పు," అంది. "తర్వాత నాన్న దగ్గరికెళ్దాం. ఈసారి మామయ్యా అని గట్టిగానే పిలువు."